పది సెకన్లు

కిర్కెనెస్‌లో నవంబరు చివర సూర్యుడు సెలవు పెట్టి వెళ్తాడు,
జనవరి నడిమికి గానీ రాడు.
ఆ చీకట్లోనే తెచ్చారు ఐలిఫ్‌ని,
పీతల పడవ మీంచి జారి
నలభై నిమిషాలు వరంగేర్ నీళ్ళలో ఉన్నవాణ్ణి.
ఒళ్ళు ఇరవై నాలుగు డిగ్రీలు.
గుండె పలకడం లేదు.

"పోయాడనకండి, ముందు వెచ్చబడనివ్వండి"
అన్నాడు డాక్టర్ స్టైనార్.
చల్లబడ్డ మనిషి విషయంలో మా నియమం అది.

గుడ్‌వేగ్‌ని తెమ్మన్నారు.
గుడ్‌వేగ్ మనిషి కాదు,
ఛాతీ మీద విల్లులా వంగి నిలబడే యంత్రం.
ఓ రబ్బరు గిన్నె, ఓ పిస్టన్,
నిమిషానికి నూట రెండు పోట్లు.
పాత హెడ్ నర్సు పేరు పెట్టుకున్నాం దానికి.
ముప్పై ఏళ్ళలో ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

దంపుతోంది.
రొప్పదు, చెమట తుడుచుకోదు,
ఇక నీ వంతని పక్కమనిషి కేసి చూడదు.

నాకేమో చేతులు ఖాళీ అయ్యాయి.
ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో
ఈ వార్డులో ఎవరూ నేర్పలేదు.
అతని తడి బూట్లు విప్పాను.
జేబులో ఎర ముక్క, తాళంచెవి, నానిన దగ్గుబిళ్ళలు.
లెక్క రాసి సంచిలో వేశాను.

రెండు శీతాకాలాల కిందట
ఇదే మంచం మీద బడిపంతులు ఒడ్వార్,
మంచులో దొరికినవాడు.
అప్పటికి యంత్రం రాలేదు.
నలుగురం వంతులేసుకున్నాం, రెండేసి నిమిషాలు.
గంటా పది నిమిషాలకి రెక్కలు పడిపోయాయి.
నా మోచెయ్యి ఒకసారి దానంతటదే వంగింది.
స్టైనార్ గడియారం కేసి చూశాడు.
ఆగిపోయాం.
ఆ రోజు ముందు ఆగింది
ఆయన ఆయువా, మా భుజాలా?
కాగితం మీద మాత్రం టైము రాశాం.

అలసటకి ఒక మర్యాద ఉండేది.
చాలు అన్న మాట
మన నోటితో అనిపించేది కాదు, అదే అనేది.
గుడ్‌వేగ్ చాలు అనదు.
పక్కన ఎర్ర మీట ఉంది, చొక్కా గుండీ అంత.
ఎవరో ఒకరి వేలు పోయి దాన్ని నొక్కాలి.
గదిలో ఐదుగురం,
అందరి చేతులూ జేబుల్లోనో, వీపు వెనకో.

ఐలిఫ్ కూతురు సున్నివా వచ్చింది, కోటంతా ఉప్పు.
"ఎందుకలా కొడుతోంది ఆయన్ని?" అంది తలుపు దగ్గరే.
పడవలో బోనులు లాగే మర ఉందా అని అడిగాను.
ఉందంది.
"చేత్తో లాగే రోజుల్లో తాతకి రెండు వేళ్ళు పోయాయి."
తర్వాత తనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

నలభై నిమిషాలకోసారి బ్యాటరీ అయిపోతుంది.
మూడుసార్లు కూస్తుంది గుడ్‌వేగ్.
మార్చడానికి పది సెకన్లు.
ఆ పదీ నావి.
మొదటిసారి చేతులు వేస్తే ఆ ఛాతీ సముద్రమే.
రెండోసారి, చేపల పెట్టె.
మూడోసారి
నా అరచెయ్యి కింద చలి
కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.
ఎవరికీ చెప్పలేదు.
తెర మీద గీత సాపుగానే ఉంది.

తెల్లవారలేదు, ఇక్కడ తెల్లవారదు, ఏడయింది అంతే.
ట్రోమ్సో నుంచి విమానం వచ్చింది.
రక్తాన్ని బయటికి తీసి వెచ్చచేసి తిప్పి పంపే
పెద్ద మర అక్కడుంది.
గుడ్‌వేగ్ దంపుతూనే విమానం ఎక్కింది.
ఎర్ర మీట మా ఎవరి వంతుకీ రాలేదు.

నాలుగో రోజు పెట్టె తిరిగొచ్చింది.
కడిగిన రబ్బరు గిన్నె, రెండు బ్యాటరీలు,
మూత మీద తెల్ల టేపు, ఎవరిదో వంకర రాత:
"పక్కటెముకలు ఏడు విరిగాయి. కాఫీ అడిగాడు."

వార్డంతా నవ్వింది.
స్టైనార్ కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు.
నేను బ్యాటరీలు చార్జింగులో పెట్టి
మంచం మీద దుప్పటి మార్చాను.
మడతలు సరిచేస్తూ
ఒడ్వార్ తల ఉన్న వైపు
కాస్త ఎక్కువసేపు ఉండిపోయాను.